మాస్టారు నిలబడ్డ చోటు

పెంచల్‌కు వచ్చిన ఇబ్బంది ఒక్కటే. అతను బ్రహ్మాండంగా విసురుతున్నాడు, అవతల నిలబడ్డ సుగుణ పట్టుకోలేకపోతోంది. అతని లెక్కలో విషయం అంతే.

నెల్లూరులో, పిల్లలు లేక మూసేసిన ఒక బడి మైదానంలో ప్రతి ఆదివారం పొద్దున్నే కొందరం చేరతాం. టిక్కెట్టు లేదు, డేరా లేదు. రెండు వేపచెట్ల మధ్య పట్టీ బిగించి దాని మీద నడిచేవాళ్లు ఉంటారు. నడుముకు రింగులు తిప్పేవాళ్లు, ఒంటిచక్రం సైకిలెక్కి కింద పడేవాళ్లు, ఊరికే చూసిపోదామని వచ్చి మరుసటి వారం తామూ ఏదో ఒకటి చేతబట్టుకుని వచ్చేవాళ్లు ఉంటారు. ఊళ్లో దీన్ని ఆదివారం సర్కస్ అంటారు. పనిలేనివాళ్ల సర్కస్ అని కూడా అంటారు. మాకేం బాధ లేదు.

దీనంతటికీ మూలం దస్తగిరి మాస్టారు. వయసంతా ఊరూరా తిరిగే డేరా సర్కస్‌లో గడిపారాయన. చేతికి అందినదల్లా ఎగరేసి పట్టడం ఆయన ఆట. ఆ సర్కస్ చెదిరిపోయాక కూతురింటికి వచ్చి, ఇంట్లో కాలు నిలవక, ఒక ఆదివారం ఈ మైదానంలో నాలుగు నిమ్మకాయలు ఎగరేసుకుంటూ నిలబడ్డారు. చూడ్డానికి ఆగినవాళ్లలో కొందరం ఇప్పటికీ పోలేదు.

పెంచల్ ఆయన శిష్యుల్లో అందరికంటే చురుకైనవాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. ఆ సన్నసన్న మరలు తిప్పీ తిప్పీ వేళ్లు అలా తయారయ్యాయేమో, మాకు ఏడాది పట్టిన విద్య అతనికి వానాకాలం ముగిసేలోపే వచ్చేసింది. కాస్త గర్వం కూడా వచ్చింది. విద్య వచ్చినవాడికి అదీ రావడం సహజమే అని మేమూ సరిపెట్టుకున్నాం.

ఆ ఏడు పెన్నా ఒడ్డున నగర సంబరాలు జరుపుతున్నారని, అందులో మాకు అరగంట ఇచ్చారని కబురొచ్చింది. ఇన్నాళ్లూ దారినపోయేవాళ్లే మా ప్రేక్షకులు. ఇప్పుడు వేదిక, దీపాలు, మైకు. మాలో కొందరికి అన్నం సయించలేదు.

అరగంటలో ఆఖరి ఆట పెంచల్, సుగుణలది. సీసా ఆకారంలో ఉండే చెక్క కర్రలు చెరి మూడు పట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. ఎవరివి వాళ్లు ఎగరేస్తూనే, మధ్యమధ్య ఒక్కో కర్ర ఎదుటివాళ్లకు పంపుతారు. ఒకరి నుంచి వెళ్లిన కర్ర దారిలో ఉండగానే ఎదుటివాళ్లది బయల్దేరుతుంది. ఒక్కటి తప్పిందంటే లయ చెడి అన్నీ నేలమీదికే.

సుగుణ ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడుతుంది. నలభై దాటాక ఇదేం పిచ్చని ఇంట్లో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన అత్తగారే ఇప్పుడు, ముందు వరసలో కుర్చీ దొరుకుతుందా అని రోజూ అడుగుతోందట. ఆ ఆట కోసం సుగుణ రెండు ఎర్ర సాటిన్ కోట్లు కుట్టింది, అతనికొకటి, తనకొకటి. చేతుల అంచుకు జరీ పట్టీ వేసింది. కుట్టడం అయ్యాక తనది తొడుక్కుని మాకు చూపించడానికి సిగ్గుపడింది.

కానీ సాధనలో కర్రలు పడుతున్నాయి, ఎక్కువగా సుగుణ వైపే. మాస్టారు దగ్గర ఒక పద్ధతి ఉంది. కింద పడ్డ కర్రను పట్టుకోలేకపోయినవాళ్లు కాదు, విసిరినవాళ్లు వెళ్లి తీసుకోవాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ పద్ధతి పెంచల్‌కు నడుం నొప్పి తెప్పించింది. వదిలింది ఆమె, వంగేది నేనా అని సైకిళ్ల దగ్గర నిలబడి మా అందరితో అన్నాడు. సుగుణకు వినపడేంత దూరంలోనే అన్నాడు.

చివరికి ఒక సాయంత్రం మాస్టారింటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"మాస్టారూ, నేను విసిరేది సరిగ్గానే ఉండాది. అక్క చెయ్యే నిదానం. రేపు ఊరంతా చూస్తాది. ఆమె బదులు ఇంకెవుర్నయినా పెట్టండి."

"ఎవుర్ని పెట్టమంటావు?"

"మీరు నిలబడితే ఒక్కటి కూడా కింద పడదు."

మాస్టారు గ్లాసు పక్కన పెట్టారు. కోప్పడతారని పెంచల్ సిద్ధపడే వచ్చాడు. జవాబులు కూడా వెంట తెచ్చుకున్నాడు. అవేవీ అవసరం పడలేదు.

"అట్నే కానీ. రేపట్నుంచి నేనే నిలబడతా. ఆ మాట సుగుణకు నువ్వే చెప్పు."

చెప్పాడు. మా అందరి ఎదుటే చెప్పాడు, గబగబా, ఎటో చూస్తూ. సుగుణ విన్నది. కాసేపు చేతిలోని కర్రను అటూ ఇటూ తిప్పింది.

"మంచిదే అబ్బయ్యా. ఆట బాగుండాల గదా," అంది. తర్వాత, "అట్టయితే మాస్టారి కొలతలు కావాల. నా కోటు విప్పి ఆయనకు సరిచేస్తా," అంది.

మాకు ఆ కోటు మాట వినిపించింది. పెంచల్‌కు మాత్రం ఆమె ఒప్పుకున్న సంగతే వినిపించింది.

సంబరాలు దగ్గరపడ్డాయని ఆ తర్వాత రోజూ పొద్దున్నే మాస్టారితో సాధన. ఏం చెప్పమంటారు, ఒక్క కర్ర కింద పడితే ఒట్టు. పెంచల్ పైపైకి విసిరాడు. తిరగేసి, మెలితిప్పి, వీపు వెనక నుంచి విసిరాడు. ఏది ఎలా వెళ్లినా అటునుంచి మెత్తగా, సరిగ్గా అతని అరచేతిలోకే తిరిగి వచ్చింది. మేం పనులు మానుకుని నోళ్లు తెరుచుకుని చూశాం. చూశారా, తప్పు నా చేతిలో ఉందా అని పెంచల్ పైకి అనలేదు గాని, అతని మొహం మాత్రం పొద్దంతా అదే అంటూ తిరిగింది.

సుగుణ రావడం మానలేదు. కొత్తవాళ్లకు రింగులు అందిస్తూ, జారిన పట్టీ బిగిస్తూ ఓ పక్కన ఉండేది. ఇద్దరూ ఆడుతున్నప్పుడు మాత్రం అటు తిరిగేది కాదు. నాకు ఆమెను చూస్తే జాలి, అతణ్ణి చూస్తే ఒళ్లుమంట. అయినా ఆట మొదలైతే నేనూ కర్రలనే చూసేదాన్ని, అంత అందంగా ఉండేది మరి.

ఆడేవాళ్లకయితే వేరే చూపే ఉండదు. మాస్టారి మొదటి పాఠమే అది. చేతులు చూడొద్దు, మనిషిని చూడొద్దు, కర్ర గాల్లో పైకెళ్లి ఎక్కడ తిరిగి కిందికి మళ్లుతుందో అక్కడ చూడమంటారు. పెంచల్ ఆ పాఠం తు.చ. తప్పకుండా నేర్చుకున్నాడు. ఎదురుగా మాస్టారు ఏ రంగు చొక్కా వేసుకొచ్చారని అడిగినా అతను చెప్పలేడు.

సంబరాలకు ముందు ఆఖరి ఆదివారం వచ్చింది. మేం వెళ్లేసరికే మాస్టారు మైదానం మధ్యలో పెద్ద గుండ్రంగా చోటు శుభ్రం చేసి, బిందెతో నీళ్లు చల్లి, చీపురుతో ఊడుస్తున్నారు. సర్కస్‌లో రింగు అనే ఆ గుండ్రటి ఆటస్థలాన్ని ఆట రోజు అలాగే తయారుచేస్తారట. లేకపోతే పైకి చూసేవాళ్ల కళ్లలో దుమ్ము పడుతుంది. ఆ ఎర్రమట్టి తడిసి, చీపురు గీతలతో, అప్పుడే అలికిన వాకిలిలా ఉంది. మమ్మల్నెవర్నీ అందులో అడుగుపెట్టనివ్వలేదు.

సుగుణ మెడలో టేపు వేసుకుని, సంచిలో కోటు పెట్టుకుని వచ్చింది. కుట్లు ఇంకా విప్పినట్టు లేదు. కొలతలు తీసుకుంటానంది. ఆట అయినాక తీసుకుందువులే అన్నారు మాస్టారు.

ఇద్దరూ లోపలికి నడిచి ఎదురెదురుగా నిలబడ్డారు. ఆట మొదలయింది.

ఆ పొద్దు ఆడినట్టు పెంచల్ ఎప్పుడూ ఆడలేదు. ఆఖరున కర్రలన్నీ ఒక్కసారిగా పైకి లేచి, ఒక్కొక్కటీ దిగి, ఎవరి చేతుల్లోకి అవి చేరాయి. ఒక్కటీ పడలేదు. ఒంటిచక్రం సైకిలతను ఈల వేశాడు. చప్పట్లు కొట్టనివాళ్లు లేరు, సుగుణ కూడా కొట్టింది. పెంచల్ వేదిక మీద ఉన్నట్టే వంగి అందరికీ దండం పెట్టాడు.

మాస్టారు మెల్లగా బయటికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు. రెండు చేతులతో ఎత్తి ఒక కాలు చాపుకున్నారు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. అప్పుడు చీపురు పెంచల్‌కు అందించారు.

"రింగు ఊడ్చెయ్యబ్బయ్యా. ఊడ్చే ముందు ఒకసారి చూసి ఊడువు."

పెంచల్ నవ్వుతూనే చీపురు అందుకున్నాడు. తను నిలబడ్డ వైపు నుంచి మొదలుపెట్టబోయాడు. అక్కడ తన బూట్ల గుర్తులు రెండే ఉన్నాయి. అడుగున గళ్లతో సహా అచ్చుగుద్దినట్టున్నాయి. ఆట మొదట్లో ఎక్కడ నిలబడ్డాడో ఆట ముగిసేదాకా అక్కడే ఉన్నాడు. వాటి చుట్టూ చీపురు గీతలు కూడా చెరగలేదు.

అతను తలెత్తి అవతలి వైపు చూశాడు. చీపురు చేతిలోనే ఉండిపోయింది.

మాస్టారు నిలబడ్డ చోట మట్టి మట్టిలా లేదు. ఎడమకు అడుగులు, కుడికి అడుగులు, వెనక్కి పరుగెత్తినవి, ముందుకు ఉరికినవి. ఒకచోట మడమ దిగబడి గుండ్రంగా తిరిగింది. ఒకచోట కాలు జారి జానెడు పొడవున గీసుకుపోయింది. పెంచల్ దగ్గరికి నడిచి వెళ్లి నిలబడ్డాడు. ఆ అడుగులన్నిటికీ పక్కగా, మట్టిలో లోతుగా, ఐదు వేళ్లతో ఒక అరచెయ్యి గుర్తు ఉంది.

ఆయన ఎప్పుడు పడబోయారో, నేలకు చెయ్యి ఆనించి ఎప్పుడు లేచారో అతనికి తెలియదు. ఆ కర్ర కూడా తిరిగి అతని చేతిలోకి సరిగ్గానే వచ్చింది.

మేమూ చూశాం. నాకయితే ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మాస్టారు మాత్రం బల్ల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన టీని ఊదుకుంటున్నారు.

సుగుణ టేపు విప్పుకుంటూ ఆయన వైపు వెళ్లబోయింది.

"కొలతలొద్దక్కా," అన్నాడు పెంచల్. "ఇట్రా."

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన టీలోంచి తల ఎత్తలేదు. టేపూ సంచీ బల్ల మీద పెట్టి ఆమె రింగులోకి వెళ్లింది. పెంచల్ తను నిలబడ్డ చోట, ఆ రెండు గుర్తుల్లో, ఆమెను నిలబెట్టాడు. ఆమె పాదాలు వాటిలో సగానికే వచ్చాయి. తను వెళ్లి మాస్టారు తొక్కిన మట్టిలో నిలబడ్డాడు.

రోజూ ఆట మొదలుపెట్టే కేక పెంచల్‌దే. ఆ పొద్దు అతను కేక వెయ్యలేదు.

"ఎప్పుడు మొదలుపెట్టాల్నో నువ్వే చెప్పక్కా," అన్నాడు.

సుగుణ చేతుల్లోని కర్రలు ఒకసారి సర్దుకుంది. చెప్పింది.

కర్రలు లేచాయి. పెంచల్ పంపిన మొదటి కర్ర మునుపటంత ఎత్తుకు వెళ్లలేదు. మెలికలూ తిరగలేదు. నిదానంగా ఒక్క చుట్టు తిరిగి, పిడి ముందుకు చేసుకుని దిగింది. సుగుణ చెయ్యి చాపింది. ఆమె కాళ్లు కదల్లేదు.