పలకని కార్డు

మాణిక్యాంబ గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. కాకినాడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల ఒక చిన్న కెర్నెల్‌ని, అంటే కంప్యూటర్‌ని లోపలినుంచి నడిపించే మూల ప్రోగ్రాముని, పదకొండేళ్ళుగా ప్రయోగంగా పెంచుకొస్తున్నారు. దాని పేరు మొలక. ఆవిడది ఒకటే పట్టుదల: ప్రోగ్రాముతో అల్లిన ఉత్తుత్తి కంప్యూటర్లో ఎంత బాగా నడిచినా సరే, తన ముందుగదిలోని పాత కంప్యూటర్లో అసలు పరికరం పలికితే గాని ఏ డ్రైవర్నీ మొలకలో చేర్చుకోరు.

ఆవిడ పాత విద్యార్థి ఏసురత్నం మొలక కోసం రాసింది, కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే నెట్‌వర్క్ కార్డుకి డ్రైవర్. కెర్నెల్‌కి ఆ కార్డుతో మాట్లాడటం నేర్పే ముక్క. అతని లాప్‌టాప్‌లో, అలాంటి ఉత్తుత్తి కార్డే అడగడమే తడవు, పలికేది. అసలు కార్డు మాత్రం ఉలకదు, పలకదు. ఆరు నెలలు. బస్సెక్కినా, అన్నం ముందు కూర్చున్నా, తెర మీద దాని జవాబు పడినట్టే కనబడేది. ఇంత ఆశ ఏ మనిషి మీదా పెట్టుకోలేదు పాపం, అరచేతిలో పట్టే ఆ పచ్చ రేకుముక్క మీద పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం, ఇక మానేస్తానని చెప్పడానికే ఆవిడ ఇంటికి వచ్చాడు. "ఇంకెన్నాళ్ళు చూడాలి మేడమ్? నావల్ల కాదేమో," అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనే ఆ కార్డుని అనుకో. నువ్వు రాసిందే చదువు, ఒక్క ముక్క కలపకుండా," అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

చిన్నపిల్లల ఆటలా ఉందని సిగ్గుపడుతూనే మొదలుపెట్టాడు. మొదటి వరుస కార్డుని ఒకసారి ఆపి మళ్ళీ లేపుతుంది. "లే," అన్నాడు. తర్వాతి వరుస అడుగుతుంది. "లేచావా?" ఆవిడ కదల్లేదు. "లేచావా? లేచావా?" అలా వెయ్యిసార్లు అడగాలని రాసుకున్నాడు. యంత్రానికి అది రెప్పపాటు పని. మనిషి కాబట్టి ఇరవైకే నోరు నొప్పెట్టింది. ఆవిడ ముఖంలో చలనం లేదు. మిగతావి వదిలేసి చివరి వరుస చదివాడు: "కార్డు లేదు. వెనక్కి పో."

రాసినదాని ప్రకారం ఇక చెయ్యాల్సిందేమీ లేదు. ఏసురత్నం సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మందాకా నడిచాడు. అప్పుడు కుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే ఆవిడ కళ్ళు నులుముకుంటున్నారు.

"ఇప్పుడే మెలకువ వచ్చింది నాయనా," అన్నారు మాణిక్యాంబ గారు. "పలుకుదామని చూస్తే, అడిగినవాడు వెళ్ళిపోతున్నాడు."