గడ పట్టిన గోపాలుడు

గడపల్లె గోపాలస్వామి గుడికి కొత్తగా వచ్చినవాళ్లు గర్భగుడి ముందు కాసేపు తికమకపడతారు. స్వామి పెదవుల దగ్గర పిల్లనగ్రోవి ఉండదు. కుడిచేత్తో తనకంటే ఎత్తైన గడనొకదాన్ని నిలువుగా పట్టుకుని ఉంటాడు. "ఇంత పొడుగుదాన్ని ఊదేదెట్లా స్వామీ?" అని అర్చకులను అడిగేవాళ్లు ఏటా ఉంటారు. అది ఊదేది కాదు, భూమి కొలిచేది.

పూర్వం ఇక్కడ ఓబులమ్మ అనే వితంతువుకు నువ్వుల చేను ఉండేది. ముగ్గురు పిల్లలకూ అదే ఆధారం. ఒకనాడు దున్నుతుండగా నాగలికి బండరాయి తగిలి, దాని కింది నుంచి పిల్లనగ్రోవి పాట వినిపించింది. ఆ సంగతి విన్న పాలెగాడు కొండమనాయకుడు అక్కడే గుడి కట్టాలని నిశ్చయించి, చేనుకు బదులు ఏటిగట్టున అంతే భూమి ఇస్తానన్నాడు.

"దేవుడి కోసమంటే కాదంటామా దొరా. పిల్లల కూటికి తగ్గకుంటే చాలు" అన్నది ఓబులమ్మ.

కరణం తిప్పరసయ్య రెండు చేలూ కొలిచాడు. నిలువు ముప్పై గడలు, అడ్డం ముప్పై గడలు. అదీ అంతే, ఇదీ అంతే.

కొత్త చేను దున్నిన అయిదోనాడు ఓబులమ్మ కరణం ఇంటికి వచ్చింది. "పాతది తొమ్మిది రోజుల దుక్కి కరణంగారూ. ఇది నాలుగు రోజులకే అయిపోయింది."

"ఏటిగట్టు నేల మెత్తన గదమ్మా. ఎద్దులకు హుషారు పుట్టి ఉంటుంది."

"ఎద్దులు అవే, మేడి పట్టింది నేనే. చేనే చిక్కిపోయింది."

కరణం నవ్వి పంపేశాడు. అటు గుడి దగ్గర శిల్పి ఆ బండరాతినే మూర్తిగా చెక్కుతున్నాడు. పిల్లనగ్రోవి చెక్కిన ప్రతిసారీ అది విరిగిపడుతోంది. మూడోసారి విరిగిన రోజున, భోజనం చేసి కునుకు తీస్తున్న నాయకుడికి స్వామి కలలో కనిపించాడు. "ఆ పిల్లల తల్లికి భూమి పూర్తిగా ముట్టేదాకా నాకు పాట రాదు. ఆమె చేను ఏ గడతో తీసుకున్నారో అది నా చేతికివ్వు" అన్నాడు.

నాయకుడు కొలగడ తెమ్మంటే కరణం రెండు తెచ్చాడు. ఒకటి ఇరవై నాలుగు జానలు, ఇంకొకటి పదహారు.

"తీసుకునేది దీంతో, ఇచ్చేది దాంతో ప్రభూ. మీ తాతగారి నాటి నుంచీ ఇదే పద్ధతి" అన్నాడు, దాచవలసిందేమీ లేనట్టు.

"మా తాతగారి కలలోకి స్వామి రాలేదు తిప్పరసయ్యా" అన్నాడు నాయకుడు.

మరునాడు పెద్ద గడతోనే ఏటిగట్టు భూమి మళ్లీ కొలిచారు. ఒక కొస ఓబులమ్మే పట్టుకుంది. ఆ సంవత్సరం పంట నష్టానికి నాయకుడి గాదె నుంచి నువ్వులు కొలిచి ఇచ్చారు. అప్పుడు శిల్పి స్వామి చేతిలో గడ చెక్కాడు. అది విరగలేదు.

పెద్ద గడ పొడవు గుడి దక్షిణపు గోడ మీద రెండు గీతలుగా నేటికీ ఉంది. రోడ్డుకో కాలువకో భూమి తీసుకోవడానికి సర్వేవాళ్లు వస్తే, ఊరివాళ్లు ముందు వాళ్ల గొలుసును ఆ గీతల దగ్గర పరచి చూస్తారు. తర్వాత పొలంలో ఒక కొస భూమి గలవారే పట్టుకోవాలి. వచ్చినవాళ్లు మొదట నవ్వుతారు, ప్రసాదం తిన్నాక పరుస్తారు.

భూమి తగాదాలున్నవారు శనివారంనాడు ఆ గోడ పక్కగా గుడి చుట్టూ తొమ్మిది ప్రదక్షిణలు చేసి నువ్వుండలు నివేదిస్తారు. భూమి పోకుండా చూస్తానని స్వామి ఎవరికీ మాట ఇవ్వలేదు. పోయినదాన్ని తక్కువ కొలవనివ్వడని మాత్రం ఇక్కడివారి నమ్మకం.