నాంచారి గీసిన అత్తగారు

అనగా అనగా, మనూరు కాదు, పక్కూరూ కాదు, ఏటి అవతల ఇంకో ఊరు. అక్కడ నాంచారి అని ఒక కోడలు. ఆవిడ అత్తగారు పేరిందేవమ్మ. కోడలు వండితే ఉప్పెక్కువంటుంది, ఊడిస్తే దుమ్మంటుంది. అయినా ఆవిడ గొంతు వినపడకపోతే నాంచారికి పొద్దు గడవదు. ఊఁ అనండర్రా, అప్పుడే నిద్రేనా?

ఆ అత్తాకోడళ్ళూ, కొడుకు వీర్రాజూ కలిసి రాజుగారి పట్నంలో తీర్థానికి వెళ్ళారు. ఆ తోపులాటలో పేరిందేవమ్మ కాస్తా తప్పిపోయింది! వీర్రాజు లబోదిబోమన్నాడు. ముసలావిడ, ఎర్రచీర, వంగిన నడుం అని కనపడ్డవాళ్ళనల్లా అడిగాడు. తీర్థంలో సగంమంది ముసలమ్మలు అలాగే ఉన్నారాయె! రాజుగారు విని జాలిపడి, కోటలో బొమ్మలేసే ఆయన్ని పంపారు. మా అమ్మ మహాలక్ష్మిలా ఉంటుందండీ అన్నాడు వీర్రాజు. పాపం ఆయన రంగులద్ది, నగలు దిద్ది, నిజంగా మహాలక్ష్మినే వేసిపెట్టాడు. చూసినవాళ్ళంతా దణ్ణం పెట్టారు గానీ, ఒక్కరూ ఆనవాలు పట్టలేదు.

పొద్దు వాలుతోంది. జనం బళ్ళు కడుతున్నారు. "ఆవిడకి ఇంటిదారి కూడా తెలీదు. పొద్దుటినుంచీ ఏం తిన్నదో ఏమో!" అంటూ నాంచారి ఆ బొమ్మలాయన్నడిగి కాయితం, సిరా, కలం తీసుకుంది. కళ్ళు మూసుకుని అత్తగార్ని తలుచుకుంది. గిర్రున ఒక గీత, అది వంగిన వీపు. సర్రున ఒక గీత, అది నడుం మీద చెయ్యి. చురుక్కున ఇంకో గీత, అది ఎదుటివాళ్ళ మీదికి చూపించే వేలు. గడ్డం పైకి, ముక్కు ముందుకి. అంతే! రంగు లేదు, నగ లేదు, కళ్ళయినా పెట్టలేదు.

"అమ్మే!" అని వీర్రాజు గంతేశాడు.

"మనిషి నిలబడే తీరు పట్టేశావమ్మా!" అని బొమ్మలాయన నవ్వేశాడు.

చూపించగానే గాజులవాడు, ఓ, ఈవిడా! గాజులు బిగుతని తిట్టి అటు పోయిందన్నాడు. అటు పోతే మజ్జిగమ్మే ఆవిడ, పులిసిందని తిట్టి ఇటు పోయిందంది. ఇటు పోతే చెరుకుబండివాడు, చప్పగా ఉందని తిట్టి ఏనుగుసాల వైపు పోయిందన్నాడు. పరుగో పరుగు! అక్కడ, అచ్చం బొమ్మలోలాగే నడుం మీద చెయ్యేసుకుని, ఏనుగుకి మేత చాల్లేదని మావటివాణ్ణి తిడుతోంది పేరిందేవమ్మ. ఏనుగు కూడా తలొంచుకుని వింటోందిట!

నాంచారి ఏడుస్తూ వెళ్ళి వాటేసుకుంది. ఆవిడ కోడలి కళ్ళు తుడిచి, బొమ్మ లాక్కుని చూసింది.

"నా ముక్కు ఇంత పొడుగుటే?"

"కాదూ, అత్తయ్యా?"

పేరిందేవమ్మ ముక్కు తడుముకుంది. బొమ్మ మళ్ళీ చూసింది. "నేనేనే! తిట్లు తింటూ కూడా నన్నింతలా చూశావుటే, పిచ్చిపిల్లా!" అని కడుపుబ్బా నవ్వింది. కొంగున కట్టుకున్న జీళ్ళు అందరికీ పంచింది, ఏనుక్కి కూడా.

చూశారా, ప్రేమగా చూసుకున్న మనిషిని గియ్యడానికి బోలెడు రంగులెందుకర్రా, నాలుగు గీతలు చాలు. సరే, కథేమో కంచి బాట పట్టేసింది. మనం ఇహ దుప్పట్లోకి దూరదాం.