బొర్రయ్య ఇంటికి నాంచారమ్మ కాపలా

పంటకాలువకీ వరిచేలకీ మధ్య ఎత్తైన గట్టు. ఆ గట్టు లోపల బొర్రయ్య అనే పందికొక్కు ఇల్లు. ఇల్లంటే మామూలు బొరియ కాదు. వాకిలి కాలువ వైపు, మధ్యలో పడకగది, దాని చుట్టూ కొట్లు, ఏ కొట్టు చూసినా కప్పుదాకా దాళ్వా పంట వరికంకులు. రైతు చూసిన పంట రైతు ఇంటికి పోయింది, రైతు చూడనిది బొర్రయ్య ఇంటికి వచ్చింది. ఇంత ఉండి కూడా ఆయన ఒక గింజ తీసి నోట్లో వేసుకోబోయే ముందు, ఇంతకంటే చిన్నది దొరుకుతుందేమోనని మళ్లీ వెతికేవాడు. భార్య మంగతాయారు ఆయనకంటే ఘనురాలు. చుట్టాలు గట్టెక్కుతుండగా ఆవిడకి తలనొప్పి వచ్చేది. వాళ్లు గట్టు దిగగానే తగ్గిపోయేది.

ఎండాకాలం చివర్లో కాలువ అవతలి కొబ్బరితోట నుంచి కబురొచ్చింది. కూతురికి నెలలు నిండాయి, పురుడు పోయడానికి రమ్మని. వెళితే వానాకాలమంతా అక్కడే. తిండి అల్లుడిది కాబట్టి వెళ్లడానికి ఇద్దరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా ఇంటితోనే. అలికిడి లేని బొరియ కనపడితే పీతలు వచ్చి కాపురం పెడతాయి. గోడలు తవ్విపోస్తాయి. ఎవరో ఒకరు లోపల తిరుగుతూ ఉండాలి.

బొర్రయ్య బాగా ఆలోచించి నాంచారమ్మ దగ్గరికి వెళ్లాడు. నాంచారమ్మ చిట్టెలుక. ఆయనకి దూరపు చుట్టం, మేనకోడలు వరస. ఒంటరి ప్రాణి. పల్లపు పొలంలో చిన్న కన్నం చేసుకుని, కోతలయ్యాక పరిగ ఏరుకుని, ఆ గింజలతో ఏడాదంతా నెట్టుకొచ్చేది. గొంతు ఎప్పుడూ పెంచదు. అడగాల్సిన మాట మాత్రం అడక్కుండా వదలదు.

"అమ్మాయ్ నాంచారీ! నిన్ను తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదే," అన్నాడు బొర్రయ్య. "ఏరువాక వస్తోంది. నాగలి తగిలితే నీ కొంప ఏమైపోతుంది? వచ్చి మా ఇంట్లో ఉండు. మేము అమ్మాయి దగ్గరికి వెళుతున్నాం. అంత ఇల్లూ నీదే."

"ఎన్నాళ్లు మావయ్యా?"

"ఊడ్పులై, చేలు పచ్చబడేదాకా."

"చాలా రోజులే. మరి అన్నాళ్లూ ఇంటికి కావలసినవి ఎవరు తేవాలి?"

"ఏం కావాలే ఇంటికి?"

"పక్కకి గడ్డి, దోమలకి వేపాకు, వాకిటికి అడ్డంగా తుమ్మముళ్లు, గోడ పెచ్చులూడితే మెత్తడానికి మట్టి."

బొర్రయ్య మీసాలు రెక్కల్లా లేచాయి. "బంగారంలాంటి ఇల్లు అప్పగిస్తుంటే, పైగా నీకు మేత కూడా నేనే వెయ్యాలా?"

"నా తిండి నేను తెచ్చుకుంటాను. ఇంటికి కావలసిన వాటి సంగతి అడుగుతున్నాను. ముల్లూ మట్టీ నేను తింటానా మావయ్యా?"

"ఎవరుంటే వాళ్లే చూసుకోవాలి. ఎక్కడైనా అంతే. ఇష్టముంటే రా, లేకపోతే నాగలికి ఎదురుగా పడుకో."

నాగలి భయం నిజమే. నాంచారమ్మ తన గింజలు మూటగట్టుకుని వచ్చింది.

మంగతాయారు వాకిట్లో నిలబడి అప్పగింతలు మొదలుపెట్టింది. "కాళ్లు దులుపుకుని లోపలికి పో. పడకగదిలో గోళ్లు గీరకు. కొట్ల వైపు వెళ్లకు, అక్కడ బూజు."

లోపలికి వెళ్లి చూస్తే కొట్ల మూతులన్నీ తాజా మట్టితో మెత్తి ఉన్నాయి. పడకగదిలో గడ్డి లేదు. నీళ్లు పట్టుకునే నత్తగుల్ల లేదు. ఆఖరికి వాకిటి ముల్లు కూడా లేదు.

"అత్తయ్యా, పక్కగడ్డి ఏది?"

"నువ్వు పడుకుంటే నలిగిపోతుందని కొట్లో పెట్టి మూసేశానే."

"మరి ముల్లు?"

"కొత్తది. ఎండకి పాడైపోదూ?"

గట్టు మీద వాలి ఇదంతా వింటున్న కాకి కామాక్షి, వాళ్లిద్దరూ కాలువ దాటేదాకా ఆగి, కడుపు పట్టుకుని నవ్వింది. "మీ అత్త గాలిని కూడా లోపల పెట్టి మూసేదే నాంచారీ! దాన్ని మూటకట్టడం చేతకాక వదిలేసింది."

నాంచారమ్మ నవ్వలేదు. వెళ్లి గడ్డి తెచ్చుకుంది. వేపాకు తెచ్చుకుంది. తుమ్మచెట్టు కింద వెతికి గట్టి ముల్లు ఒకటి ఈడ్చుకొచ్చి వాకిట్లో నిలబెట్టింది. పగిలిన గోడకి నాలుగు చోట్ల మట్టి మెత్తింది. బొర్రయ్య ఉన్నప్పుడు కూడా ఆ ఇల్లు అంత పొందికగా ఎప్పుడూ లేదు.

వానలు మొదలయ్యాయి. కాలువ వదిలారు. ఊడ్పులైన చేలో నీళ్లు నిండాయి. ఒక మధ్యాహ్నం నాంచారమ్మ కునుకు తీస్తుంటే వీపుకి చల్లగా తగిలింది. లేచి చూస్తే, చేను వైపు గోడని పీత ఒకటి అవతల నుంచి తొలిచేసింది. నీళ్లు సన్నగా కారుతున్నాయి. అవి పడకగదిలో నిండాయంటే, తర్వాత పోయేది కొట్ల కిందికే. మట్టితో మూసింది. మట్టి కరిగిపోయింది. మళ్లీ మూసింది. మళ్లీ కరిగింది.

పరుగున వెళ్లి కామాక్షిని బతిమాలింది. "నువ్వు ఎగిరి వెళ్లి మావయ్యకి చెప్పు. గోడ పోయింది. కొట్లో వేసిన గడ్డి కాస్త తీసుకోమంటే మట్టిలో కలిపి మెత్తుతాను. లేదా ఆయన్నే వచ్చి చూసుకోమను."

కామాక్షి సాయంత్రానికల్లా తిరిగొచ్చింది.

"ఏమన్నాడు?"

"అల్లుడి కొబ్బరి కొరుకుతున్నాడు. 'ఎవరుంటే వాళ్లే చూసుకోవాలని ముందే చెప్పాను' అని ఇంకో ముక్క కొరుక్కున్నాడు."

"అత్తయ్యో?"

"'కొట్లు తెరవడానికి ఇదొక వంకా?' అంది. గోడ ఎలా ఉందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు."

వదిలేసి పోదామంటే, పల్లంలో తన కన్నం ఎప్పుడో మునిగిపోయింది. నాంచారమ్మ కాలువ ఒడ్డున పడి ఉన్న సగం కొబ్బరిచిప్ప ఒకటి చూసింది. తనకంటే పెద్దది. దాన్ని దొర్లించింది, అది వెనక్కి దొర్లింది. మళ్లీ దొర్లించింది. గట్టు మీద కట్టేసి ఉన్న కర్రెద్దు నెమరు వేస్తూ చూసి, మూతితో కాస్త నెట్టింది. చిప్పని కన్నానికి బోర్లించి, అంచుల చుట్టూ జిగటమట్టిలో తన పక్కలోని ఎండుగడ్డి కొంత కలిపి కూరింది. నీళ్లు ఆగాయి. ఆ మట్టి ఆరి గట్టిపడేదాకా వంతుగా వీపు ఆనించి కూర్చునేవాళ్లు ఎవరూ లేరు, ఉన్నది తనొక్కతే. గడ్డిగింజలు ఏరుకోవడానికి వెళ్లే వీల్లేక తెచ్చుకున్న మూట విప్పింది. వానాకాలం చివరిదాకా రావాల్సిన గింజలు మధ్యలోనే అయిపోయాయి.

అనుకున్న గడువుకి ముందే బొర్రయ్య దంపతులు దిగారు. అల్లుడి మర్యాదకి కూడా ఒక హద్దుంటుంది కదా. తోటలో కొబ్బరి తరిగిపోవడం చూసి, ఆ పిల్లవాడు మావగారి చేతికి మూట అందించి దారి చూపించాడు.

మంగతాయారు ఇల్లంతా వాసన చూసింది. మొదట కొట్ల మూతులు తడిమింది. ఎక్కడా బీట లేదు. ఆవిడకి సంతోషం కలగలేదు, తిట్టడానికి వీల్లేకపోయిందన్న విచారం కలిగింది.

"ఈ ముతక గడ్డేమిటే?" అంది.

"నేను తెచ్చుకున్నది అత్తయ్యా. మీ మెత్తగడ్డి మీ కొట్లోనే ఉంది." నాంచారమ్మ బొర్రయ్య వైపు తిరిగింది. "మావయ్యా, నేను వెళతాను. తెచ్చినవన్నీ ఇక్కడే వదిలేస్తాను. గడ్డి, ముల్లు, ఆ గోడకి పెట్టిన చిప్ప. నా గింజలు అయిపోయాయి. నాలుగు కంకులిస్తే ఈ వానలు గడిచిపోతాయి."

"కంకులా?" బొర్రయ్య గొంతు పడకగది దాటి గట్టు మీదికి వినపడింది. "ఇన్నాళ్లు ఊరికే ఉండనిచ్చానా లేదా? నువ్వే నాకు ఇవ్వాలి."

పైనుంచి కర్రెద్దు మెల్లగా అంది. "అడిగింది ఎక్కువేం కాదు బొర్రయ్యా. ఆ పిల్ల చిప్ప దొర్లించడం నేను చూశాను. అది లేకపోతే నీ ఇల్లు చెరువయ్యేది."

"నేను తెమ్మన్నానా? నా ఇంట్లో చెత్త పోసి పైగా బాకీ అంటుందా? తీసుకుపో! ఒక్క గడ్డిపరక కూడా ఉండటానికి వీల్లేదు!"

నాంచారమ్మ తన గడ్డి పోగుచేసుకుంది. ఆకలిగా ఉంది, అవమానంగా ఉంది. అయినా అంది, "గడ్డీ ముల్లూ తీసుకుపోతాను. చిప్ప మాత్రం కదపకు మావయ్యా. కంకులు వద్దులే, ఊరికే ఉంచుకో."

ఆ మాటతో బొర్రయ్యకి అనుమానం గట్టిపడింది. ఆయన తన జన్మలో దేన్నీ ఊరికే ఇచ్చి ఎరగడు. ఎవరైనా ఊరికే ఇస్తున్నారంటే అందులో మోసం ఉండితీరాలి.

"ఊరికేనా? ఇవాళ ఊరికే అంటావు. రేపు పదిమందిలో, 'మావయ్య నా చిప్ప వాడుకుంటున్నాడు' అంటావు. నా దగ్గరా ఈ వేషాలు?"

"అది తీస్తే చేలో నీళ్లు లోపలికొస్తాయి."

బొర్రయ్య గోళ్లతో మట్టి పెకలించి చిప్పని ఊడబెరికాడు. కన్నంలోంచి అవతలికి చూశాడు. చేలో నీళ్లు లేవు. బురద మాత్రం ఉంది.

"ఏవే నీళ్లు? తాయారూ, చూడవే! లేని నీళ్లకి చిప్ప పెట్టి మన దగ్గర కంకులు లాగుదామనుకుంది!" ఇద్దరూ పొట్టలు కదిలేలా నవ్వారు. నవ్వుతూనే బొర్రయ్య చిప్పని వాకిట్లోకి దొర్లించి కాలువలోకి నెట్టాడు. అది పడవలా ఊగుతూ దిగువకి పోయింది.

"ఎరువు చల్లడానికి నీళ్లు తీశారు," అంది కర్రెద్దు. "మళ్లీ పెడతారు."

"నువ్వు గడ్డి మెయ్యి," అన్నాడు బొర్రయ్య. "నా ఇంటి సంగతి నాకు తెలుసు."

నాంచారమ్మ చెప్పాల్సింది చెప్పింది, విన్నవాళ్లు విన్నారు. గడ్డి చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, ముల్లు పట్టుకుని గట్టు దిగుతుంటే కర్రెద్దు పిలిచింది.

"ఎక్కడికమ్మాయ్?"

"తెలీదు."

"కళ్లంలో మా గడ్డివాము ఉంది. దాని కింద చోటుంది. వాములోంచి గింజలు రాలుతూనే ఉంటాయి. అక్కడుండు."

"మరి నేనేం తేవాలి?"

"నువ్వు వస్తే చాలు," అంది కర్రెద్దు. "నేను పడుకున్నప్పుడు చెవిలో గోమార్లు చేరి రక్తం పీలుస్తాయి, అవి తీసిపెట్టు."

మర్నాడు పొద్దున్నే రైతు వచ్చి తూము ఎత్తాడు. చేలోకి నీళ్లు పరుగెత్తాయి. బొర్రయ్య అప్పుడు కొట్లోంచి తీసిన మెత్తగడ్డి మీద వెల్లకిలా పడుకుని, నాలుగు కంకులు మిగిల్చుకున్న ముచ్చట భార్యకి ఇంకోసారి చెబుతున్నాడు. చెప్పడం పూర్తి కాలేదు. కన్నంలోంచి నీళ్లు పిడిగుద్దులా వచ్చి ఆయన్ని గోడకేసి కొట్టాయి.

"మట్టి వెయ్యండి!" అని అరిచింది మంగతాయారు.

వేసిన మట్టి వేసినట్టే కరిగింది. బొర్రయ్య వీపు ఆనించాడు. వీపు చుట్టూ నీళ్లు కారాయి. పడకగది నిండి నీళ్లు కొట్ల మూతులకి తగిలాయి. ఎవరూ గింజ తీయకూడదని దిట్టంగా మెత్తిన మూతులు మెల్లగా జావై జారిపోయాయి. ఇద్దరూ కంకులు బయటికి లాగుదామని ఒకే వాకిట్లో ఒకేసారి దూరి ఇరుక్కున్నారు. ఆఖరికి ఒక్క కంకి కూడా లేకుండా, తడిసిన తోకలతో గట్టు మీద పడ్డారు.

కామాక్షి వాళ్ల నెత్తి మీద ఒక చుట్టు తిరిగి అడిగింది. "ఏం బొర్రయ్య మావా, లేని నీళ్లలో బాగానే ఈదావే?"

బొర్రయ్య పడుతూ లేస్తూ కళ్లానికి పరుగెత్తాడు. "నాంచారీ, ఆ చిప్ప ఏదే? తొందరగా తే!"

వాము కింద గింజ ఒలుచుకుంటున్న నాంచారమ్మ తలెత్తింది. "కాలువలో ఉంది మావయ్యా. ఈపాటికి మీ అల్లుడి తోట దాటి ఉంటుంది."

అంతటితో అయిపోలేదు, ఆయన పరువు కూడా మిగల్లేదు. కొట్లలో నానిన వడ్లు ఉబ్బాయి. కొద్దిరోజులు గడిచాయి. వెచ్చగా, తడిగా, చీకట్లో ఉన్న గింజ ఏం చేస్తుందో అదే చేశాయి. మొలకలు గట్టుని పగలగొట్టుకుని పైకి లేచాయి. పడకగది మీద, కొట్ల మీద, వాకిటి మీద గుబురుగా లేత పచ్చని వరి. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియకుండా దాచిన సొత్తు ఎంతుందో, ఎక్కడెక్కడ ఉందో, దారిన పోయే ప్రతి ప్రాణికీ గీత గీసినట్టు కనపడింది.

రైతు కర్రెద్దుని తెచ్చి అక్కడే కట్టేశాడు. ఎద్దు ఒక చివర నుంచి తీరుబడిగా మేయడం మొదలుపెట్టింది.

"ఇది ఎవరిదో పాపం, నాకు తెలీదు," అంది నమిలే మధ్యలో. "నీదా బొర్రయ్యా?"

బొర్రయ్య నోరు తెరిచాడు. నాదంటే పక్కనే రైతు ఉన్నాడు, రైతు చేతిలో పార ఉంది. నోరు మూసుకున్నాడు. మంగతాయారుకి ఆ రోజు వచ్చిన తలనొప్పి ఎద్దు కడుపు నిండేదాకా తగ్గలేదు.

నీతి: ఇంటికి కాపలా కావాలి గానీ ఆ కాపలాకి పెట్టాల్సింది మాత్రం తాను పెట్టననేవాడు, ఇంటిని తన చేత్తోనే ముంచుకుంటాడు.