కొండనేరేడుకు పెట్టిన విందు

అనగనగా వాన వదలని ఒక కొండ అడవి. అందులో ఓ బక్కపలచని కొండనేరేడు చెట్టు. దాని కొమ్మ మీద తురాయి అనే ఉడుత ముగ్గురు పిల్లలతో కాపురం. ఆ చెట్టు కాస్తేనే పిల్లలకు తిండి.

చెట్టంటే తురాయికి ప్రాణం. అందుకే బెంగ.

"ఏడాదికి బెత్తెడైనా ఎదగదు. ఏం తింటోందో నా తల్లి!" అని వాపోయేది.

ఆ మాట అడవిపంది గుండన్న చెవిన పడింది. కొండ కింద మొక్కజొన్న చేలు దోచుకు తినే గుండన్నకు, వ్యవసాయమంతా తనకే తెలుసని నమ్మకం.

"పిచ్చిదానా, దానికి భాస్వరం చాలట్లేదు! కింద రైతులు ఎరువు చల్లితే మొక్కజొన్న ఎంతెత్తు లేస్తుందనుకున్నావ్!" అన్నాడు. ఘాట్ రోడ్డు మీద లారీలోంచి జారిపడ్డ ఎరువు బస్తాను ఈడ్చుకొచ్చాడు.

తురాయి మొదట దోసెడు చల్లింది. పక్కనున్న వయ్యారిభామ కలుపుమొక్క "అబ్బ, ఏం రుచి!" అంది.

రెండోసారి నాలుగు దోసిళ్లు చల్లింది. "ఇంకాస్త వడ్డించు వదినా!" అంది వయ్యారిభామ. నేరేడు ఆకులు మాత్రం పసుపెక్కాయి.

"చూశావా, దాని ఆకలింకా తీరలేదు," అన్నాడు గుండన్న.

మూడోసారి తురాయి బస్తా మొత్తం దులిపేసింది. నేరేడు ఆకుల అంచులు మాడాయి. పిందెలన్నీ రాలిపోయాయి. పిల్లలు ఆకలితో కీచుమంటుంటే తురాయి ఏడుస్తూ అలుగు తాత దగ్గరికి పరుగెత్తింది. ఒళ్లంతా పొలుసులున్న ఆ తాత, మట్టి తవ్వడంలో ముదురు.

తాత వేర్ల దగ్గర తవ్వి చూసి నిట్టూర్చాడు.

"ఇక్కడ తెల్లని బూజు దారాలుండేవమ్మా. అవే దీనికి చిటికెడు చిటికెడు భాస్వరం అందించేవి. ఇంత ఎరువు పడేసరికి అవి చచ్చిపోయాయి. సారం లేని మట్టిలో పుట్టిన చెట్టు ఇది. ఆ చిటికెడే దీనికి కడుపునిండా భోజనం. నువ్వు పెట్టింది దీనికి అజీర్తి, కలుపుకు పండగ."

తురాయి, తాత, గుండన్న ముగ్గురూ కలిసి పైమట్టి గీకి బస్తాకెత్తి దూరంగా పడేశారు. గుండన్న పుప్పొడికి తుమ్ముతూనే వయ్యారిభామను పెకలించాడు. రాలిన ఆకులు తెచ్చి మొదలు చుట్టూ పరిచారు. చెట్టు కోలుకునేదాకా పిల్లల తిండి కోసం తురాయి మూడు కొండలు తిరిగింది.

రెండు వానాకాలాలు గడిచాక వేర్లకు బూజు దారాలు తిరిగి అల్లుకుని, నేరేడు మళ్లీ కాసింది. అప్పుడే గుండన్న ఇంకో బస్తా ఈడ్చుకుంటూ వచ్చాడు.

"తురాయీ, ఈసారిది వేరే రంగు!"

తురాయి గబగబా దిగి బస్తాకు అడ్డంగా నిలబడింది.

"గుండన్నా, నీకు ఆకలైతే చెప్పు, పండు పెడతాను. నా చెట్టుకు మాత్రం ఏమీ పెట్టకు!"

గుండన్న సిగ్గుపడి పండే అడిగాడు.

నీతి: ఎంత ప్రేమతో పెట్టినా, ఎదుటివారికి ఏది పడుతుందో తెలుసుకుని పెట్టాలి.