మచ్చ ఆగిన చోటు

నసీమా ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ల్యాబులో కంట్లో గాయం చేసి మందు ఇచ్చిన ఎలుకలన్నింటికీ రెటీనా, అంటే కంటి లోపలి తెర, ఊడిపోయింది.

కంటి డాక్టరు ఆమె. ఆపరేషన్లు మానుకుని మరీ ఈ పరిశోధనలోకి వచ్చింది. ఊడిన రెటీనాను ఎంత శ్రద్ధగా అతికించి పంపినా, కొందరు మళ్ళీ మసకచూపుతో గోడ పట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు. గాయం దగ్గర చేరిన కణాలు ఒక ప్రోటీన్ ఇచ్చే సంకేతం అందుకుని పీచు అల్లుతాయి. ఆ పీచు మచ్చగా గట్టిపడి, ముడుచుకుంటూ రెటీనాను లాగేస్తుంది. ఆ సంకేతం కణాలకు అందకుండా చేసే మందు కోసమే ఇన్నేళ్ళూ ధారపోసింది.

మందు పనిచేసింది. ఒక్క కంట్లోనూ మచ్చ పడలేదు. గాయమూ మానలేదు.

గురువు కృపావరం గారి గదికి వెళ్ళి కుర్చీలో కూలబడింది.

"మచ్చ పడితే చూపు పోతోంది. పడకపోతే రెటీనాయే నిలవడం లేదు. ఇంక నా వల్ల కాదు సార్. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళిపోతాను."

ఆయన సొరుగులోంచి చుక్కల మందు తీసి తన ఎడమ కంట్లో వేసుకున్నాడు. కనుపాప విచ్చుకునేదాకా ఇద్దరూ కూర్చున్నారు. నసీమాకి కునుకు కూడా పట్టింది.

"చూడమ్మా" అన్నాడు.

ఓపిక లేకపోయినా లేచింది. తలకు లైటు కట్టుకుని, లెన్సు పట్టి లోపలికి చూసింది. రెటీనా అంచున ఎప్పటిదో చిరుగు. దాని చుట్టూ లేజరుతో కాల్చిన నల్లటి మచ్చలు. అవే ఆ చిరుగును పెద్దది కాకుండా పట్టి ఉంచాయి.

"అప్పటికి నాకు నీ వయసు కూడా లేదు. మా డాక్టరుగారు కావాలని పెట్టిన మచ్చలవి. ఆ వేళ నీ మందు చేతిలో ఉంటే నా కంట్లో వేసేదానివా?"

నసీమా లెన్సు కొంచెం పక్కకి జరిపింది. మచ్చల అవతల రెటీనా ఎక్కడా ముడత పడలేదు. ఎర్రటి రక్తనాళాలు వంకర పోకుండా సాగుతున్నాయి. చాలాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయింది.

"ఈ మచ్చ పాకకుండా ఇక్కడితో ఎలా ఆగింది సార్?"

ఆయన నీరు కారుతున్న కన్ను రుమాలుతో అద్దుకున్నాడు.

"తెలియదమ్మా. అది వెతుకుతూనే ముసలివాణ్ణయ్యాను."