డిప్పన్న తినని ముద్ద

అనగనగనగా, కొండకు కొండ భుజం ఆనించి నిలబడే చోట, చలిగట్టు అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని జగ్గభూపతి అనే రాజు ఏలేవాడు. మంచివాడే, కాకపోతే వట్టి తొందర మనిషి. విస్తరి వేయకముందే వచ్చి కూర్చుని, "ఏదీ మజ్జిగ?" అనే రకం.

ఆ రాజుకు ఒక్కతే కూతురు, కుందనాంబ. తండ్రికి తొందర ఎంతో కూతురికి పట్టుదల అంత. ఆ పిల్ల వద్దందంటే ఇక వద్దే. అంతఃపురంలో అందరూ చాటుగా ఆమెను మొండిఘటం అనేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసి నవ్వుకునేది.

కుందనాంబకు ఒక తాబేలు ఉండేది. పేరు డిప్పన్న. ఆమె నేలమీద పాకే వయసులో పక్కనే అదీ పాకేదట. ఇద్దరూ కలిసే పెరిగారు. ఆమె లేచి పరుగెత్తడం నేర్చింది, డిప్పన్న నేర్వలేదు, అంతే తేడా. ఆ కాలంలో తాబేళ్ళు మాట్లాడేవి లెండి. కాకపోతే డిప్పన్న ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనం కూర తరిగి పొయ్యి మీద వేసి రావచ్చు.

చలిగట్టులో చలి అంటే మాటలు కాదు. చలికాలం మొదలవగానే డిప్పన్న ధాన్యపు కొట్టులో ఎండుటాకుల గంపలోకి దూరేవాడు. తిండీ లేదు, నీళ్ళూ లేవు. చలికాలమంతా ఒకటే నిద్ర.

ఆ రాజ్యంలో తాతల నాటి ఆచారం ఒకటుంది. చలి వెళ్ళాక, కోటలోని తాబేలు నిండుకొలువులో రాజుగారి చేతి ముద్ద తినాలి. ఆ ముద్ద తిన్నాకే నాగలి కదలాలి. అంతదాకా ఏ రైతూ పొలంలో ఒక్క గింజ చల్లడు.

ఏటా ఈ వేడుక చల్లగా జరిగిపోయేది. ఎందుకంటే, డిప్పన్న తనంతట తాను లేచేవాడు. లేచి తోటలో గుంటల్లో నీళ్ళు తాగేవాడు, ఎండలో వీపు కాచుకునేవాడు, రెండు ఆకులు కొరికేవాడు. ఆ తర్వాతే కొలువుకు తెచ్చేవారు. కానీ ఈ ముందు పని కుందనాంబ కంట తప్ప ఇంకెవరి కంటా పడలేదు. తక్కినవారికి ముద్ద ఒక్కటే కనిపించేది.

ఒక ఏడు వాన ముందే వచ్చేసింది. రైతులు పరుగున కోటకు వచ్చారు.

"దొరా, నేల మంచి పదును మీదుంది. ఈ పదును ఆరిపోతే మళ్ళీ వాన ఎప్పుడో ఏమో! డిప్పన్నకు ముద్ద పెట్టించండి" అన్నారు.

"దానికేం భాగ్యం! గంపలోంచి తీసి తెండి" అన్నాడు రాజు.

"ఇంకా లేవలేదు ప్రభూ" అన్నాడొక సేవకుడు.

"లేపితే వాడే లేస్తాడు!"

కుందనాంబకు కబురు అంది కొలువుకు వచ్చేసరికే అంతా అయిపోయింది. డిప్పన్నను వెండి పళ్ళెంలో పెట్టారు. రాజుగారు పాలూ బెల్లమూ కలిపిన పెద్ద ముద్ద నోట్లో కుక్కారు. డిప్పన్న మింగలేకపోయాడు. ముద్ద బయటికి జారింది, నోటి వెంట నురుగు వచ్చింది, మెడ వాలిపోయింది. కళ్ళు పుసులు కట్టి అతుక్కునే ఉన్నాయి.

కొలువంతా అయ్యయ్యో అంది. కుందనాంబ పరుగున వెళ్ళి డిప్పన్నను ఎత్తుకుంది. ఒళ్ళు మంచులా ఉంది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఏడవలేదు. తాను ఏడుస్తూ కూర్చుంటే వీడికి నీళ్ళెవరు కాస్తారు?

"నాన్నగారూ, వీడు పోయేలా ఉన్నాడు. నేను చెప్పేదాకా వీడి నోటి దగ్గరికి ఎవరి చెయ్యీ రాకూడదు" అంది.

రాజు ఎటూ తేల్చుకోలేక గడ్డం గోక్కున్నాడు. "నేల పదును ఉన్నంతవరకూ నీ ఇష్టం తల్లీ. ఆరిపోతుందనగా మాత్రం నా చేత్తో నేనే తినిపిస్తాను. నీ తాబేలు కోసం రాజ్యాన్ని పస్తు పెట్టలేను కదా!"

కుందనాంబ డిప్పన్నను తన గదికి తీసుకుపోయింది. వెడల్పాటి తాంబాళంలో గోరువెచ్చని నీళ్ళు పోసింది. పసిపిల్లల స్నానపు నీళ్ళు చూసినట్టు మోచెయ్యి పెట్టి వేడి చూసుకుంది. ముక్కు మునగకుండా, గడ్డం దాకానే నీళ్ళుండేలా డిప్పన్నను అందులో కూర్చోబెట్టింది. తడిగుడ్డతో కళ్ళు మెల్లగా తుడిచింది. నీళ్ళు చల్లారితే మళ్ళీ పోసింది. పొద్దెక్కితే కిటికీ దగ్గర ఎండలోకి జరిపింది, పొద్దు వాలితే కుంపటి కాస్త దూరంగా పెట్టింది. డిప్పన్నలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆమె మాత్రం పట్టిన పట్టు విడవలేదు.

ముందుగా వంటశాల పెద్ద పేరయ్య వచ్చాడు. చేతిలో నేతి గారెలు, పాయసం, తేనె.

"చిక్కి శల్యమైపోయాడు నా తండ్రి! నాలుగు మెతుకులు కడుపులో పడితే అదే లేచి కూర్చుంటాడమ్మా" అన్నాడు.

"పేరయ్యా, పోయిన వానాకాలం నాకు జ్వరం వచ్చింది. లంఖణాలు చేసి లేచిన రోజు నువ్వు నాకేం పెట్టావు?"

"జావ తల్లీ. అదీ పల్చగా."

"నేను గారెలు కావాలని ఏడిస్తే?"

"అమ్మో! పథ్యం తప్పితే ప్రాణం మీదికి రాదూ? చచ్చినా పెట్టనన్నాను."

"మరి వీడు చలికాలమంతా లంఖణంలోనే ఉన్నాడు. వీడికి పాయసమా?"

పేరయ్య గారెల పళ్ళెం పక్కన పెట్టేసి, "నీళ్ళు నేను కాస్తాను, మీరు కాసేపు నడుం వాల్చండి" అని పొయ్యి దగ్గర చతికిలబడ్డాడు. గారెలు మాత్రం వృథా కాలేదు. ఎవరు తిన్నారని అడగకండి.

తర్వాత సేనలను నడిపే దళవాయి కొమరన్న వచ్చాడు. మీసం మెలేస్తూ, చేతిలో పొడుగాటి ఇనప గరిటె పట్టుకుని వచ్చాడు.

"ఎంతెంత కోట తలుపులో తెరిపించాను, తాబేలు నోరు ఒక లెక్కా? తప్పుకోండి రాకుమారీ. ఇలా తెరిచి అలా పోసేస్తాను" అన్నాడు.

కుందనాంబ వెళ్ళి గడపకు ఇవతల, దారికి అడ్డంగా పడుకుంది.

పడుకున్న మనిషిని దాటడం మన ఇళ్ళలో ఎంత తప్పో మీకు తెలుసు కదా. అందులో రాజుగారి బిడ్డ! దళవాయి ఒక కాలు ఎత్తాడు, దించాడు. ఇంకో కాలు ఎత్తాడు, అదీ దించాడు.

"లేవండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

"మీరు వెళ్ళాక లేస్తాను" అంది కుందనాంబ.

పాపం, అంత దళవాయీ గరిటె చంకలో పెట్టుకుని వెనక్కి పోయాడు.

ఈలోగా బయట ఎండ కాస్తోంది. నేల పైపైన తెల్లబడుతోంది. కోట వాకిట్లో రైతులు గొణుగుతున్నారు. "ఒక తాబేలు కోసం మా పిల్లల నోట్లో మట్టి కొడతారా?" అన్నాడొకడు. ఆ మాట కిటికీలోంచి కుందనాంబ చెవిన పడింది. ఆమెకు తాను చేస్తున్నది తప్పేమో అని మొదటిసారి అనిపించింది. కానీ చేతిలో ఉన్న డిప్పన్న గొంతు కింద నాడి సన్నగా కొట్టుకుంటోంది. తాను వదిలేస్తే అది ఆగిపోతుంది. ఆమె ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

చివరికి రాజుగారే వచ్చారు. చేతిలో ముద్ద ఉంది. ఈసారి ఆయన ముఖంలో తొందర లేదు, దిగులుంది.

"నేల ఆరిపోతోంది తల్లీ. ఇక నావల్ల కాదు. అడ్డు తప్పుకో."

"అడ్డం పడుకోను నాన్నగారూ. మీరు నా తండ్రి, రండి. కానీ ముద్ద పెట్టేముందు ఆ చేత్తోనే వీడి గడ్డం ఒక్కసారి పట్టుకోండి. పట్టుకున్నాక కూడా పెట్టాలనిపిస్తే పెట్టండి."

రాజు ముద్ద పక్కన పెట్టి, నీళ్ళలో చెయ్యి పెట్టి డిప్పన్న గడ్డం పట్టుకున్నాడు. ఆ చేతికి ఏదో కదిలినట్టు తగిలింది. డిప్పన్న మెడ చాచాడు. కళ్ళు తెరిచాడు. గుటక వేశాడు. ఇంకో గుటక. గటగటా తాగుతూనే ఉన్నాడు. రాజు చూస్తూ కూర్చున్నాడు. అంతసేపు ఆయన కదలకుండా కూర్చోవడం ఆ కోటలో ఎవరూ చూడలేదు.

తాగి తాగి డిప్పన్న ఏం చేశాడో తెలుసా? రాజుగారు మురిసి ఒళ్ళోకి తీసుకోగానే, ఆయన పట్టుపంచె మీదే పోసేశాడు!

"ఛీ ఛీ!" అని రాజు లేచాడు. కుందనాంబ మాత్రం చప్పట్లు కొట్టి ఎగిరి గంతేసింది. "చలికాలమంతా లోపల నిలిచిందంతా పోయింది నాన్నగారూ! ఇక మనవాడు బతికాడు!" అంటూ అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి.

"తాగాడు సరే, తినలేదు కదమ్మా?"

"తింటాడు. వాడి కాళ్ళ మీద వాడు వెళ్ళి తింటాడు. తలుపు తీయండి."

తలుపు తీశారు. డిప్పన్న నడిచాడు. వెనక రాకుమారి, ఆమె వెనక రాజు, పేరయ్య, దళవాయి, రైతులు. తాబేలు నడకలో ఊరంతా నడిచింది. రాజుకు కాళ్ళు పీకాయి, ప్రాణం విసిగింది. అయినా డిప్పన్నను దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. పొలం గట్టు చేరాక, డిప్పన్న అక్కడ మొలిచిన గలిజేరు ఆకు ఒకటి వాసన చూశాడు. చూసి, కటుక్కున కొరికాడు.

ఒక రైతు గబుక్కున కూర్చుని నేలలో వేలు గుచ్చాడు. "పైపైనే ఆరింది దొరా! కింద పదును అలాగే ఉంది!" అని అరిచాడు. నాగళ్ళు కదిలాయి.

రాజు నేలమీద గొంతుక్కూర్చుని, "ఏమయ్యా డిప్పన్నా, నా చేతి పాలముద్ద ఉమ్మేసి గట్టు మీది పిచ్చాకు తింటావా?" అని అడిగాడు.

డిప్పన్న ఆకు నమిలాడు, మింగాడు, ఒక సాలు దున్నేంతసేపు ఆలోచించాడు. అప్పుడు అన్నాడు: "ప్రభూ, ఆ ముద్ద మీ తొందర కోసం పెట్టారు. నా ఆకలి అప్పటికింకా నిద్ర లేవలేదు."

రాజు తల వంచుకున్నాడు. ఆ తర్వాత చలిగట్టులో ఆచారం మారింది. నిద్ర లేచిన తాబేలుకు ముందు రాజుగారే గోరువెచ్చని నీళ్ళు పోయాలి. అది తనంతట తాను వెళ్ళి కొరికిన ఆకే ఆ ఏటి మొదటి ముద్ద. అంతదాకా రాజైనా సరే కాచుకుని ఉండాల్సిందే.

పిల్లలూ, నీతి ఇదీ: ఎవరికైనా మేలు చెయ్యాలంటే మన ఆత్రం చూసుకుని కాదు, వాళ్ళ ఓపిక చూసి చెయ్యాలి, అది మేలని తెలిశాక ఎవరు అడ్డొచ్చినా వదలకూడదు.